ఒక్క గీత పడలేదు

ఆ రోజు పొద్దున్న మా అన్నయ్య మా ఇంటికొచ్చి పాలగిన్నెకి సొట్ట తీశాడు.

తియ్యమని నేను అడగలేదు. గిన్నె గట్టు మీంచి జారిపడి వారమైంది. అడుగున ఒక పక్కగా బొటనవేలు పట్టేంత సొట్ట. దానివల్ల నాకేం ఇబ్బంది లేదు, పాలు కాగుతూనే ఉన్నాయి. కానీ మా అన్నయ్య కంట్లో సొట్ట పడిందంటే ఇక ఆ పూటకి ఎవరి మాటా చెవికెక్కదు. సగం తాగిన టీ గ్లాసు పక్కన పెట్టి, వంటగది గడప మీద చతికిలబడి, జేబులోంచి చిన్న సుత్తి తీశాడు. రెండో జేబులోంచి పిడికిట్లో ఇమిడే ఇనపదిమ్మ. దిమ్మని గిన్నె లోపల ఆనించి పట్టుకుని, పైనుంచి సుత్తితో మెల్లగా టక్, టక్ అని మొదలుపెట్టాడు.

"పాత గిన్నె అన్నయ్యా అది. పారేద్దామనుకుంటున్నా."

"పారేద్దువుగాని. సొట్ట తీశాక పారెయ్."

నేను ఆఫీసుకి తయారవుతున్నాను. బట్టలు ఇస్త్రీ చేసుకుంటూ, తల దువ్వుకుంటూ, గదిలోంచి వంటింట్లోకీ వంటింట్లోంచి గదిలోకీ తిరుగుతూ ఏదో ఒకటి వాగుతూనే ఉన్నాను. మా ఆఫీసులో ఒకావిడ ఉండేది. నెలాఖరొస్తే చాలు, నా కుర్చీ చుట్టూ తిరిగేది. ఆవిడ గొంతు అనుకరించి చూపించాను. "ఒక్క వెయ్యి సర్దవా బంగారం, ఒకటో తారీఖు నీ మొహాన కొడతా."

అన్నయ్య నవ్వాడు.

"అప్పు అడిగేవాళ్ళకి సిగ్గు ఉండదేమో అన్నయ్యా. లేదని చెప్పలేక ఇచ్చేవాళ్ళే సిగ్గుతో చావాలి."

"ఉంటుంది లేవే," అన్నాడు తలెత్తకుండా. టక్, టక్.

నేను టిఫిన్ తిన్నాను. బాక్సు సర్దుకున్నాను. చెప్పులు వేసుకున్నాను. అతను ఇంకా కొడుతూనే ఉన్నాడు.

"ఆ గిన్నె నిన్నేమైనా తిట్టిందా? అంతసేపు బాదుతున్నావు!"

"స్టీలు మొండిది బుల్లీ. రేకులాగా మాట వినదు."

చివరికి లేచి, గిన్నెని కిటికీ వెలుగులో తిప్పి, నా చేతికిచ్చాడు. సొట్ట ఎక్కడుండేదో వెతికినా దొరకలేదు. "ఇక పారేసుకో," అన్నాడు. ఇద్దరం కలిసే మెట్లు దిగాం. అతను మోపెడ్ ఎక్కి అటు, నేను బస్సుకి ఇటు. అప్పుడు ఎనిమిదిన్నర. ఇంకో గంటలో మా వదిన రోడ్డు మీద నెత్తుట్లో పడి ఉంది. మధ్యాహ్నానికి అన్నయ్య స్పృహ పోయింది. మూడో రోజు ప్రాణం పోయింది. అతను మామూలుగా, తన ఇష్టం కొద్దీ చేసిన ఆఖరి పని నా పాలగిన్నె.

మా అన్నయ్య కార్లకి సొట్టలు తీసేవాడు. టింకరింగ్ పని. గుద్దుకున్న కార్లు, బోల్తా పడ్డ కార్లు, గోడకి రుద్దుకున్న కార్లు అతని షెడ్డుకి వచ్చేవి. పన్నెండో ఏట మా నాన్న చెవి పట్టుకుని లాక్కెళ్ళి ఒక మేస్త్రి దగ్గర పడేశాడు. అక్కడ పాఠం అంటే దెబ్బే. సుత్తి వంకరగా పడితే అదే సుత్తి పిడితో వేళ్ళ కణుపుల మీద ఒకటి. ఒకరోజు కొత్త డోరు మీద గీత పెట్టాడని ఆ మేస్త్రి కొట్టిన చెంపదెబ్బకి ఎడమ చెవిలోంచి రక్తం వచ్చింది. చెవి సగం ఆ దెబ్బకి పోయింది, మిగతా సగం రేకుల చప్పుడు తినేసింది. "మంచిదేగా, సగం తిట్లే వినబడతాయి," అనేవాడు.

అంత దెబ్బలు తిని పెరిగినవాడు తిరిగి ఎవర్నీ కొట్టలేదు. అన్నీ చూస్తూ పెరిగిన చెల్లెల్ని నేను, ఒక్క మొట్టికాయ కూడా వెయ్యలేదు నాకు. "దెబ్బలన్నీ రేక్కే అయిపోతాయే, మనుషుల దాకా మిగలవు," అనేవాడు. చేతిలో సుత్తి, నోట్లో ఆగని మాట. రెండిటికీ కలిపి అందరూ అతన్ని సుత్తి మేస్త్రి అనేవాళ్ళు. ఆ పేరుకి గర్వపడేవాడు.

అతని పనిలో నాకు బాగా గుర్తున్నది సుత్తి కాదు, అరచెయ్యి. కళ్ళు మూసుకుని డోరు మీద ఆ చివర్నుంచి ఈ చివరికి అరచేత్తో నిమిరేవాడు. కంటికి కనబడని వంపు కూడా ఆ చేతికి తగిలేది. "ఇక్కడ నొప్పిగా ఉంది దీనికి," అనేవాడు. షెడ్డులో రంగులు వేసే పెయింటరు, అన్నయ్య కన్నా పదేళ్ళు పెద్దవాడు, "రేకు మీద ఉన్న ప్రేమ పెళ్ళాం మీద లేదు చూడు," అని ఏడిపించేవాడు.

నిజానికి వదిన మీద బోలెడు ప్రేమ. భయం కూడా. కార్లు బాగుచేసే మా అన్నయ్యకి కారు నడపడం సరిగ్గా రాదు. వదిన నడిపేది, గొప్పగా నడిపేది. ఇద్దరూ కలిసి ఫైనాన్సు మీద ఒక తెల్ల కారు కొన్నారు. పొద్దునా సాయంత్రం ఎనిమిదిమంది పిల్లల్ని స్కూలుకి తిప్పేది, మధ్యలో దొరికిన కిరాయిలకి వెళ్ళేది. ఇల్లు ఆ నాలుగు చక్రాల మీదే నడిచేది. ఆదివారం అన్నయ్య దాన్ని కడిగి, తుడిచి, అరచేత్తో ఒళ్ళంతా తడిమి చూసేవాడు. "నా చేతికి పనిపెట్టనిది ఇదొక్కటే," అని మురిసిపోయేవాడు.

అతని షెడ్డుకి ఇంకో రకం కార్లు కూడా వచ్చేవి. వాయిదాలు కట్టలేనివాళ్ళ దగ్గర్నుంచి ఫైనాన్సు కంపెనీ లాక్కొచ్చిన కార్లు. వాటిని ఊరి చివర ఒక యార్డులో పెట్టి వేలం వేస్తారు. వేలానికి ముందు సొట్టలు తీయించాలి కాబట్టి మా అన్నయ్య దగ్గరికి పంపేవాళ్ళు. ఆ కార్ల డోర్లన్నీ ఒకేలా చచ్చి వచ్చేవి. లాక్కొచ్చేవాళ్ళు గునపంతో డోరు పైభాగాన్ని పెకలించి చెయ్యి దూర్చేవాళ్ళు. అలా వంగిన చట్రం ఎంత కొట్టినా మళ్ళీ సరిగ్గా కూర్చోదు. గాలి ఈల వేస్తుంది, వాన లోపలికొస్తుంది. వాటిని చూసినప్పుడల్లా అన్నయ్యకి ఒళ్ళు మండిపోయేది.

యార్డు తరఫున తలుపులు తెరిచేవాణ్ణి తాళాలోడు అనేవాళ్ళు. మొలకి తాళాలగుత్తి, మొహాన ఎప్పుడూ నవ్వు. కారు దింపినప్పుడల్లా షెడ్డులో టీ తాగి వెళ్ళేవాడు. ఒకరోజు అన్నయ్య వాడి చొక్కా పట్టుకున్నాడు.

"అప్పు ఎగ్గొట్టింది మనిషిరా. కారేం పాపం చేసింది? దీన్నెందుకు చంపుతావు?"

"మరెలా తియ్యమంటావు మేస్త్రీ? ముహూర్తం పెట్టుకుని తియ్యనా? ఓనరు వెనకాల కర్ర పట్టుకుని ఉరికొస్తుంటే!"

"ఇలా రా."

పాత డోరొకటి గోడకి ఆనించి, గునపం లేకుండా, చట్రం వంగకుండా, రబ్బరు చిరక్కుండా ఎలా తెరవచ్చో చూపించాడు. పల్చటి రేకుబద్ద ఒకటి తనే కోసి, అంచులు అరగదీసి, గుడ్డ చుట్టి ఇచ్చాడు. మధ్యాహ్నమంతా వాడిచేత చేయించాడు. వాడు తప్పు చేసినప్పుడల్లా "మెల్లగారా, జడ చిక్కు తీసినట్టు" అని. సాయంత్రానికి వాడికి చెయ్యి తిరిగింది.

ఆ తర్వాత యార్డునుంచి వచ్చే కార్లకి ఒక్క గీత ఉండేది కాదు. గీతలే లేకపోతే అన్నయ్యకి పనేముంది? కార్లు రావడమే తగ్గిపోయింది. పెయింటరు పొట్ట పట్టుకుని నవ్వాడట. "కూర్చున్న కొమ్మ నరుక్కున్నావు కదా మేస్త్రీ! రంపానికి పదును కూడా నువ్వే పెట్టావు."

"పోనీలే. డోర్లు బతికాయిగా," అన్నాడట మా అన్నయ్య.

ఆ ఏడాది వేసవి సెలవులకి స్కూలు మూసేశారు. అదే సమయంలో జాకీ జారి అన్నయ్య కుడిచేతి బొటనవేలు కారు కింద నలిగింది. గోరు ఊడి, ఎముక చిట్లి, రెండు నెలలు సుత్తి పట్టలేదు. నాలుగు వాయిదాలు ఆగిపోయాయి. అదే ఫైనాన్సు కంపెనీనుంచి ఫోన్లు మొదలయ్యాయి. మొదట మర్యాదగా, తర్వాత బూతులు. ఫోనెత్తితే అమ్మానాన్నల్ని తిట్టేవాళ్ళు, ఎత్తకపోతే పక్కింటివాళ్ళకి చేసి తిట్టేవాళ్ళు. వదిన కారుని రోజుకో వీధిలో పెట్టడం మొదలుపెట్టింది.

అన్నయ్య మాత్రం ధీమాగా ఉన్నాడు. "మన తాళాలోడే కదే. మన షెడ్డులో టీ తాగినవాడు మన బండి మీద చెయ్యేస్తాడా?"

"పాముకి పాలుపోశావు. కాటు ఎప్పుడేస్తుందో చూసుకో," అంది వదిన.

గిన్నె సంగతికి ముందురోజు సాయంత్రం తాళాలోడు షెడ్డుకి వచ్చి, ఆ రోజు టీ తాగకుండానే చెప్పాడట. "అన్నా, లిస్టులో నీ బండి వచ్చింది. రేపు పొద్దుటికల్లా ఒక్క వాయిదా అయినా పడితే పేరు కొట్టించేస్తా. లేదంటే నా చెయ్యి దాటిపోతుంది." అన్నయ్య ఇంటికొచ్చి, పొద్దున్న డబ్బు సర్దుతానని వదినకి చెప్పాడట. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి.

వదిన ఆ పొద్దున్న స్కూలు గేటు ముందు కారాపి, పిల్లల్ని దింపి, తాళం వేసింది. చిన్నపిల్ల ఒకతి బ్యాగు మొయ్యలేకపోతే గేటుదాకా తీసుకెళ్ళింది. ఇరవై అడుగులు. వెనక్కి తిరిగేసరికి డ్రైవరు సీట్లో తాళాలోడు, పక్కన యార్డులో పనిచేసే ఒక లావాటివాడు. రేకుబద్దతో డోరు తీసి, స్టీరింగు కింద వైర్లు కలిపి, ఇంజను అప్పటికే స్టార్టు చేసేశాడు.

వదిన పరిగెత్తి డోరు పట్టుకుంది. లాగితే తెరుచుకుంది.

"వదినా, వదిలెయ్. నీకు దణ్ణం పెడతా వదిలెయ్," అన్నాడు తాళాలోడు.

"దిగరా! సాయంత్రం పిల్లల్ని ఎవడు తీసుకెళ్తాడు, నీ అబ్బా?"

లావాటివాడు అటునుంచి వంగి ఆమె మొహం మీద పిడికిలితో గుద్దాడు. పెదవి చీలింది. ఆమె వదల్లేదు. వాడు "పోనీరా నీయమ్మ, పోనీ!" అని అరిచి డోరుని విసురుగా లాక్కున్నాడు. వదిన భుజానికున్న సంచీ పట్టీ డోరులో చిక్కుకుంది. కారు కదిలింది.

ఆ స్కూలు ముందు రోడ్డు కొత్తగా వేసిన కంకర రోడ్డు. స్పీడుబ్రేకరు దాకా ఈడ్చుకెళ్ళింది కారు. అక్కడ ఎగిరిపడ్డప్పుడు పట్టీ తెగింది. మోకాలి చిప్ప మీద చర్మం లేదు. మోచెయ్యి వెనక్కి తిరిగిపోయింది. తల వెనక జుట్టు అరచెయ్యంత మేర చర్మంతో సహా లేచిపోయింది. ఎనిమిదిమంది పిల్లలూ గేటు లోపలినుంచి చూశారు. బ్యాగు మోయించుకున్న చిన్నపిల్ల చాలా రోజులు మాట్లాడలేదని విన్నాను.

ఆస్పత్రికి నేనెళ్ళేసరికి అన్నయ్య అక్కడే ఉన్నాడు. మంచం పక్కన నిలబడి వదిన చేతిని చూస్తున్నాడు. అది ఏ వైపు ఎంత వంగిందో కొలుస్తున్నట్టు చూస్తున్నాడు. ముట్టుకోబోయి మానేశాడు.

"ఇది నాకు రాదు," అన్నాడు నాతో. అంతే. వెనక్కి తిరిగి నడిచాడు.

అతను బయటికెళ్ళాక వదిన చీలిన పెదవితో నన్నడిగింది. "పొద్దున్న నీ దగ్గరికొచ్చాడా?"

"వచ్చాడు వదినా."

"అడిగాడా?"

"ఏమడగాలి?"

ఆమె మొహం గోడవైపు తిప్పుకుంది. మందు మత్తేమో అనుకున్నాను.

యార్డులో జరిగింది పెయింటరు చెప్పాడు. అన్నయ్య ఆస్పత్రినుంచి షెడ్డుకి వెళ్ళి "యార్డుకి పోదాం, కారు చూడాలి" అన్నాడట. ఆ గొంతు విని భయమేసి పెయింటరు కూడా మోపెడ్ వెనక కూర్చున్నాడు. పెద్ద సుత్తులు షెడ్డులో డజను ఉన్నాయి. ఒక్కటీ తీసుకోలేదు. జేబులో చిన్నది ఉండనే ఉంది.

తెల్ల కారు యార్డులో కొత్త పెళ్ళికూతురిలా నిలబడి ఉంది. అన్నయ్య దాని చుట్టూ తిరిగాడు. కళ్ళు మూసుకుని డోరు మీద అరచేత్తో నిమిరాడు, పైనుంచి కిందికి, ఆ చివర్నుంచి ఈ చివరికి. ఎక్కడా వంపు లేదు. రబ్బరు చిరగలేదు. డోరు కింది అంచున మాత్రం చేతికి తడి తగిలింది. కళ్ళు తెరిచి చూసుకున్నాడు. నెత్తురు, దానికంటుకుని నాలుగు వెంట్రుకలు, వదిన సంచీ పట్టీ ముక్క.

తాళాలోడు దగ్గరికొచ్చాడు. వాడు ఏడుస్తున్నాడని పెయింటరు ఒట్టేసి చెప్పాడు. ఏం చెప్పాలో తెలియక, ఆ పూట తను చేసిన మంచిపని అదొక్కటే అన్నట్టుగా చెప్పాడట.

"ఒక్క గీత పడలేదన్నా. నువ్వు నేర్పినట్టే తీశా."

అన్నయ్య వాడి కుడిచెయ్యి పట్టుకుని బానెట్ మీద పరిచాడు. గిన్నెని పట్టుకున్నంత నెమ్మదిగా. మూడు దెబ్బలు కొట్టాడు, మూడు వేళ్ళకి. అతని దెబ్బ ఎప్పుడూ గురి తప్పేది కాదు.

వాడు కిందపడి గింజుకుంటుంటే, కారు వైపు తిరిగాడు. మా అన్నయ్య రేకుని కోపంతో కొట్టడం అదే మొదటిసారి. రేకు ఎక్కడ కొడితే మళ్ళీ సరవుతుందో తెలిసినవాడికి, ఎక్కడ కొడితే ఎన్నటికీ సరికాదో కూడా తెలుసు. అక్కడే కొట్టాడు. డోరు అంచుల మీద, టాపు మూలల మీద, బానెట్ వంపు తిరిగే చోట. ఒక్కో చోట ఒకే దెబ్బ. ఆ చిన్న సుత్తితోనే. అద్దాలు పగలగొట్టలేదు. అద్దాలు మార్చుకోవచ్చు కదా మరి. "పిచ్చికొట్టుడు కాదమ్మా," అన్నాడు పెయింటరు, "పని. ఆయన జన్మలో చేసిన పనంతా వెనక్కి తిప్పి చేసినట్టుంది."

లావాటివాడు, ఇంకో ముగ్గురు వచ్చారు. ఇద్దరి చేతుల్లో ఇనపరాడ్లు, లావాటివాడి చేతిలో చక్రాలు విప్పే పానా. మొదటి దెబ్బ వీపు మీద పడింది, అన్నయ్య తిరగలేదు. రెండోది మోకాలి వెనక. మోకాళ్ళ మీద కూలబడి కూడా ఇంకో చోట కొట్టాడు. పెయింటరు అడ్డం పడితే అతని పక్కటెముకలు రెండు విరిగాయి. అతను కిందనుంచి చూస్తుండగానే పానా లేచింది, అన్నయ్య ఎడమ కణత మీద పడింది. మళ్ళీ లేచింది. పోయిన ఆ చెవివైపునుంచి వచ్చిందది. వినబడి ఉండదు.

డాక్టరు తల ఎక్స్‌రే ఫిల్ము వెలుగుకి పెట్టి చూపించాడు. ఎముక లోపలికి అణిగింది. బొటనవేలు పట్టేంత. బయటికొచ్చి ఆ మాటే చెప్పాను. పక్కటెముకలకి కట్టుకట్టించుకుని వరండాలో కూర్చున్న పెయింటరు వినగానే గట్టిగా ఏడ్చాడు. "లోపల్నుంచి దిమ్మ ఆనించేవాడుంటే కదమ్మా సొట్ట పోయేది! ఈయనకి ఎవడు ఆనిస్తాడు?"

మూడో రోజు తెల్లారాక పోయాడు. కుడిచెయ్యి దుప్పటి మీద ఉంది. నలిగిన బొటనవేలికి గోరు అప్పుడే సగం వచ్చింది.

లావాటివాడు జైలుకెళ్ళాడు, ఏడాది తిరక్కుండా బెయిలు మీద బయటికొచ్చాడు. తాళాలోడు ఆ చేత్తో మళ్ళీ ఏ తలుపూ తెరవలేదు, ఎడంచేత్తో ఎక్కడో టీ గ్లాసులు కడుగుతున్నాడని విన్నాను. కారు తుక్కుకింద పోయింది. తుక్కుకి వచ్చింది తీసేసి మిగతాది కట్టమని కంపెనీ వదినకి నోటీసు పంపింది. ఆమె మోచెయ్యి వంకరగానే అతుక్కుంది. ఆ చేత్తోనే ఇప్పుడు వేరేవాళ్ళ కారు నడుపుతోంది. అదే స్కూలుకి.

అన్నయ్య పోయిన నాలుగు నెలలకి పెయింటరు మా ఇంటికొచ్చాడు. షెడ్డు ఖాళీ చేస్తుంటే అన్నయ్య పాత చొక్కా జేబులో ఇనపదిమ్మ దొరికిందట, నాకివ్వడానికి తెచ్చాడు. సుత్తి పోలీసుల దగ్గర ఉంది. నేను టీ పెట్టడానికి లేచాను. అదే గిన్నె. ఎలా పారేస్తాను? పొయ్యి మీద పెట్టబోతుంటే, "ఒక్కసారి ఇటివ్వమ్మా," అన్నాడు. నేనేమీ చెప్పకుండానే గిన్నెని వెలుగులో తిప్పి, అడుగున బొటనవేలితో తడిమి, సరిగ్గా ఆ చోట ఆపాడు.

"ఇది మేస్త్రి చెయ్యి."

"అవును. ఆ రోజు పొద్దున్న. పాపం, స్టీలు మొండిదట, నేను లేచి తయారై బయల్దేరేదాకా కొడుతూనే ఉన్నాడు. నలభై నిమిషాలు పట్టింది."

పెయింటరు గిన్నెలోకి చూశాడు, నా మొహంలోకి చూశాడు. తన చేతిపని గురించి ఎవరో తప్పుగా మాట్లాడితే దిద్దినట్టు, మామూలుగా అన్నాడు.

"నలభై నిమిషాలేంటమ్మా? ఇది ఆయనకి రెండు నిమిషాల పని."